వీరరాఘవయ్య గారి కారులో ఎర్రలైటు

కిరసనాయిలు వాసన చేతికి పట్టిందంటే సబ్బు పెట్టి రుద్దినా, చింతపండు పెట్టి తోమినా మూడు రోజులు వదలదు. సామ్రాజ్యం చేతుల్ని ఆరేళ్ళుగా వదల్లేదు. తిరువూరులో మధిర రోడ్డు పక్కన ఆమె మొగుడు బాలశౌరి మెకానిక్ షెడ్డు, దాని వెనకే ఇల్లు, రెంటికీ మధ్య ఒక తాటాకు తడిక. తడికకి అవతల ఆయనగారు ఇంజన్లు విప్పుతాడు. ఇవతల పెరట్లో ఈమె సత్తు బేసిన్లో కిరసనాయిలు పోసుకుని, విప్పిన సామానంతా ముందేసుకుని కడుగుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో, ఏ మూత దేని మీదదో వరస తప్పకుండా గోనెపట్టా మీద పేర్చి తడిక సందులోంచి అందిస్తుంది. బాలశౌరి పనితనం చూడండి, ఒక్క వాషరు కూడా తారుమారు కాదు అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఎలా అవుతుంది మరి? ఆ మాటే ఒకసారి ఆమె నవ్వుతూ అంటే, "కూర్చుని తినేదానివి, ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్టా?" అన్నాడు. తెల్లారకముందే లేచి నీళ్ళు మోసి, గేదెకి కుడితి పెట్టి, వంట చేసి, తొమ్మిదింటికల్లా ఇనప సామాను ముందు కూలబడే మనిషి ఎప్పుడు కూర్చుని తిందో ఆ మరియతల్లికే తెలియాలి. అత్త జోజమ్మ అన్నం కలుపుకుంటూ, నీ పప్పు తింటుంటే బస్సు కింద పడుకున్నట్టుందమ్మా అనేది. ఇక గిరాకీలు ఉన్నప్పుడు తడిక దాటకూడదు, పానా ముట్టకూడదు. ఆడది పానా పడితే షెడ్డుకి అరిష్టమని బాలశౌరి కనిపెట్టిన శాస్త్రం. కడగడానికి మాత్రం ఏ అరిష్టమూ లేదు.

ఆవేళ కూడా అలాగే కడుగుతూ ఉంది గానీ, చెవులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. వీరరాఘవయ్య గారి కారు హారను వినపడుతుందేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది. ఆయన రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి. ఆ కారుకి ఒక జబ్బు పట్టుకుంది. స్టీరింగు ముందు మీటరు అద్దంలో చిన్న ఎర్రలైటు ఒకటి ఉంటుంది, ఇంజనులో ఆయిలు సరిగ్గా అందకపోతే వెలుగుతుంది. అది పోయిన క్రిస్మస్ నుంచి మాటిమాటికీ వెలుగుతోంది. బాలశౌరి బాగుచేస్తాడు, కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ వెలుగుతుంది. వెలిగినప్పుడల్లా ఆసామి వచ్చి నలుగురి ముందూ బాలశౌరిని దులిపేస్తాడు. బాలశౌరి చేతులు కట్టుకుని చిత్తమండి, చిత్తమండి అంటాడు. కారు వెళ్ళాక తడిక తోసుకుని ఇవతలికి వస్తాడు. ఆ తర్వాత జరిగేది చెప్పడానికి నాకు నోరు రాదు. చెప్పకపోతే మాత్రం ఈ కథ ఎందుకు?

మొదటిసారి వెలిగినప్పుడు, డెబ్బై మూడో సంవత్సరం క్రిస్మస్ ముందు, నువ్వు సరిగ్గా కడగలేదు, ఆయిలు పంపులో నలక ఉండిపోయింది అన్నాడు. గోడ మేకుకి వేలాడే పాత ఫ్యాను బెల్టు తీశాడు. రబ్బరు దెబ్బ తగిలిన చోట చర్మం చిట్లదు, లోపల కమిలిపోతుంది. పండగ పూట చర్చిలో పూజకి పూర్తి చేతుల రవిక తొడుక్కుని వెళ్ళింది. రెండోసారి ఈస్టరు ముందు తపస్సుకాలంలో. అప్పటికి ఆమెకి నాలుగో నెల. పంపు మార్చాడు, బేరింగులు మార్చాడు, అయినా లైటు వెలిగింది, ఆసామి 'నీ కంటే మా ఎడ్లబండి మేస్త్రీ నయం' అన్నాడు. ఆ మాటకి బాలశౌరి కాలు లేచింది. బేసిను ముందు గొంతుక్కూర్చున్న మనిషిని పొత్తికడుపులో తన్నాడు, పక్కకి పడిపోతే మళ్ళీ తన్నాడు. కిరసనాయిల్లో నెత్తురు కలిసిపోయింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. జోజమ్మ గుడ్డలో చుట్టి పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, ఎవరన్నా అడిగితే జారిపడ్డానని చెప్పు అంది. వినగడపలో టీచరు పని చేస్తున్న అక్క జ్ఞానమణి వచ్చి వారం రోజులు ఉంది. పోతూ పోతూ, "నువ్వు వస్తానంటే నా ఇంట్లో గది ఉంది. రానంటే మాత్రం ఇంకోసారి ఏడవడానికి నన్ను పిలవకు" అని ఖండితంగా చెప్పి బస్సెక్కింది. మూడోసారి మామిడికాయల రోజుల్లో. ఆసారి పై పన్ను ఒకటి పోయింది.

ఇప్పుడు మళ్ళీ మూడో నెల నడుస్తోంది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు. వేవిళ్ళు వస్తే కిరసనాయిలు వాసనకి అని సర్దిచెప్పింది. మూడో రిపేరయి ఆరు వారాలయింది. ఈ వారంలోనో పై వారంలోనో ఆ లైటు వెలుగుతుంది, వెలిగితే ఆ కాలు లేస్తుంది, లేస్తే ఈ బిడ్డ కూడా పోతుంది. ఆమె లెక్క అంత సూటిగా ఉంది. బాలశౌరిని మార్చడం తన వల్ల కాదు, దేవుడి వల్లే కాలేదు. ఆ లైటు వెలగకుండా చెయ్యడం తన వల్ల అవుతుందేమో. లైటు వెలగకపోతే మాటపడడు, మాటపడకపోతే కొట్టడు. పిచ్చిది, అలా అనుకుంది. తన్నులు తిని తిని ఉన్న మనిషి తన్నులకి కారణం వెతుక్కోకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

ఆ కారు డ్రైవరు యోసేపు, యాభై దాటిన నెమ్మదస్తుడు. ఆసామి తిరువూరులో పని మీద దిగినప్పుడల్లా ఆ దారినే వస్తూ మంచినీళ్ళకి పెరటి వైపు వచ్చేవాడు. సామ్రాజ్యం చెంబు అందిస్తూ ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. ఆయిలు పోస్తుంటే తరిగిపోతోందమ్మా అన్నాడు. కాలిపోతోందా అంటే, కాలితే వెనక నీలం పొగ రావాలిగా, రావట్లేదు అన్నాడు. ఇంజను అడుగుభాగమంతా జిడ్డు కారిపోతోంది, మీ ఆయన కారకుండా బిగించే సీళ్ళు ఎన్నిసార్లు మార్చినా వాటిని తోసుకునే బయటికి వస్తోంది. ఇంకో చిత్రం, ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే లోపలి నుంచి ఉఫ్ మని మొహాన కొడుతోంది. మొన్నొక రోజు ఆ మూత సరిగ్గా బిగించడం మర్చిపోయి గంపలగూడెం దాకా పోయొచ్చాడట, ఆ ఒక్క రోజు అడుగున చుక్క కారలేదు. ఇదంతా బాలశౌరికి చెప్పావా అని అడిగింది. డ్రైవరువి, తోలడం చూసుకో అన్నారమ్మా అని నవ్వాడు.

ఆ మాటలు ఆమె బుర్రలో రెండు రోజులు తిరిగాయి. మూడో రోజు పొద్దున అన్నం ఎసరు పొంగుతుంటే మూత జరపబోయి ఆగిపోయింది. ఆవిరికి దారి లేకపోతే ఎసరు ఎటు సందు దొరికితే అటు కారుతుంది. మూత ఒక్క రవ్వ జరిపితే ఊరుకుంటుంది. ఇంజనులోనూ అంతే కదా, లోపల పుట్టే పొగ బయటికి పోవడానికి పక్కన ఒక గొట్టం ఉంటుంది, బ్రీదరు పైపు అంటారు. ఏ బండి విప్పినా ఆ గొట్టం లోపల నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది, పుల్లకి గుడ్డ చుట్టి తనే శుభ్రం చేస్తుంది. వీరరాఘవయ్య గారి బండి మూడుసార్లు విప్పాడు. పంపు కడిగింది, మూతలు కడిగింది, స్ప్రింగులు కడిగింది. ఆ గొట్టం మాత్రం ఒక్కసారి కూడా తన బేసిన్లోకి రాలేదు. ఎందుకు రాలేదో తలుచుకునేసరికి ఆమెకి నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. పోయిన వానాకాలం ఆసామి భార్య సరోజినీదేవి గారికి కారులో పొగ వాసన కొట్టి బెజవాడ దాకా వాంతులయ్యాయి. వాసన ఆపమన్నారు. బాలశౌరి పావుగంటలో ఆపేశాడు. తుమ్మకర్ర మేకు ఒకటి చెక్కి, సామ్రాజ్యం పాత ఆకుపచ్చ చీర అంచు చింపించి దానికి చుట్టి, ఆ గొట్టం మూతికి సుత్తితో దిగ్గొట్టాడు. చూశావా, బుర్రుండాలి అన్నాడు కూడా. వాసన ఆగింది. లైటు మొదలయింది. పొగ గొడవ వేరు, ఆయిలు గొడవ వేరు అనుకున్నాడు మహానుభావుడు. తను కొట్టిన మేకు తనకే గుర్తు లేదు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, మంచి మాటతో, కిందికి చూస్తూనే చెప్పింది. నాకేం తెలుసండీ, ఊరికే అనిపించింది, ఆ బ్రీదరు పైపుకి కొట్టిన మేకు ఒకసారి తీసి చూస్తారా అని. బాలశౌరి ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. కంచం ఎత్తి మొహాన కొట్టాడు. కంచం అంచు కనుబొమ్మ చీల్చింది, వేడివేడి పులుసు మెడ మీదుగా కారింది. "బోల్టులు కడిగే ముండవి, నాకు ఇంజను చెప్తావే?" అన్నాడు. జోజమ్మ కింద పడిన మెతుకులు ఏరుతూ, మగాడు తినేటప్పుడా ఆ మాటలు అంది. సామ్రాజ్యం మెడ మీద చన్నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, మిగిలిన అన్నం తింది. తనకి ఆకలిగా లేదు. బిడ్డ కోసం తింది.

నాలుగోసారి కారు రానే వచ్చింది, శుక్రవారం పొద్దున. ఆసామి దిగుతూనే అందుకున్నాడు. ఈసారి చిత్తమండి అంటే సరిపోయేలా లేదు, చేతకాని వెధవ్వి అనేశాడు, షెడ్డు మూయించేస్తానన్నాడు. బాలశౌరి చుట్టూ చూశాడు. పక్కన యోసేపు ఉన్నాడు. "మీరు ఏమీ అనుకోనంటే చెప్తానండి. ఇంజను బంగారంలా ఉంది. ఆయిలు తరగడం కాదు, మీ డ్రైవరు తీసి అమ్ముకుంటున్నాడు" అన్నాడు, తొణక్కుండా బెణక్కుండా. వీరరాఘవయ్య వంగాడు. కాలి చెప్పు తీశాడు. యాభై ఏళ్ళ మనిషిని, పదిహేనేళ్ళుగా తనని మోసుకు తిరుగుతున్న మనిషిని, రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తుండగా దవడ మీద, నెత్తి మీద, చెవి మీద ఎడాపెడా కొట్టాడు. యోసేపు అయ్యా అయ్యా అంటున్నాడే గానీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కళ్ళజోడు పడిపోయి అద్దం పగిలింది. పెదవి చీలి నెత్తురు చొక్కా మీద పడుతోంది. బాలశౌరి కూడా తన స్వామిభక్తి చూపించుకోవాలిగా, వెనక నుంచి నడుం మీద ఒక్కటి తన్నాడు. ఆ తన్ను చప్పుడు తడిక ఇవతల ఉన్న ఆమెకి కడుపులో తెలిసింది. దేని మీద ఎలా పడితే ఏ చప్పుడు వస్తుందో ఆమెకి తెలియనిది కాదు.

సామ్రాజ్యం లేచింది. చేతులు తుడుచుకోలేదు. తడిక పక్కకి నెట్టి, గిరాకీలు ఉన్న షెడ్డులోకి ఆరేళ్ళలో మొదటిసారి వచ్చింది. "అయ్యగారూ, ఆయిలు ఎవరూ అమ్ముకోలేదండి. చూపిస్తాను" అంది. బాలశౌరి లోపలికి పోవే అన్నాడు. ఆమె వినలేదు. యోసేపుని ఇంజను వేయమంది. ఆ నోటి నెత్తురుతోనే ఆయన వేశాడు. ఆయిలు మూత తీసి, రండి, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి అంది ఆసామిని. లోపలి నుంచి పొగ ఉఫ్ మని ఆయన చేతిని కొట్టింది. ఇంజను ఆపించి, పానా తీసుకుని, కొంగు నడుంలో దోపుకుని బండి కిందికి దూరింది. మేకు బిగుసుకుపోయి ఉంది. పానాతో అటూ ఇటూ కొట్టి కొట్టి లాగితే ఊడివచ్చింది. బయటికి వచ్చి ఆసామి ముందు పడేసింది, నల్లబడిపోయిన ఆకుపచ్చ గుడ్డ చుట్టి ఉంది. మళ్ళీ ఇంజను వేయించింది. ఆగిపోయిన పొగ ఆ గొట్టం లోంచి కిందికి దిగింది, పైన మూత తీస్తే కొట్టడం లేదు. ఈ గొట్టానికి ఇంకో బారెడు గొట్టం తగిలించి వెనక్కి వదిలితే అమ్మగారికి వాసన రాదండి, ఆ మేకు కొట్టింది ఎవరో మీకు తెలుసు అంది.

వీరరాఘవయ్య ఆ మేకుని కాలితో దొర్లించి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "ఏమయ్యా బాలశౌరీ, ఇంట్లో ఇంత మేస్త్రీని పెట్టుకునా నా ఇంజను మూడుసార్లు విప్పావు?" అన్నాడు. రోడ్డు మీద ఆగినవాళ్ళు కూడా నవ్వారు. చెప్పు తొడుక్కున్నాడు. యోసేపుతో ఒక్క మాట అంటాడేమోనని ఆమె చూసింది. అబ్బే, బండి పోనియ్ రా అన్నాడు అంతే. యోసేపు పగిలిన కళ్ళజోడు జేబులో వేసుకుని, వాచిన దవడతోనే కారు తోలుకుపోయాడు. పోతూ ఆమె వైపు చూసి తల వంచాడు. ఆ తల వంచడం ఆమెకి ఎంత గర్వంగా ఉందంటే, పక్కన మొగుడి మొహం ఎలా ఉందో చూడడం మర్చిపోయింది. లైటు ఆరిపోయింది, ఇక వెలగదు, నా బిడ్డ దక్కింది అనుకుంది.

దీపాలు పెట్టే వేళకి బాలశౌరి లోపలికి వచ్చాడు. తలుపు గడియ పెట్టాడు. బెల్టు తేలేదు, సుత్తి తెచ్చాడు. ముందు ఆమె కుడిచెయ్యి పట్టుకుని గడప మీద ఆనించి, పానా పట్టిన వేళ్ళ మీద సుత్తితో కొట్టాడు. చూపుడువేలు చితికింది. ఆ తర్వాత జుట్టు పట్టి ఈడ్చాడు, గోడకేసి కొట్టాడు, కింద పడితే కాలితో తన్నాడు. ఆమె మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని, కడుపు చుట్టూ ముద్దయిపోయి, వీపు ఆయనకి ఇచ్చేసింది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"లైటు ఆరిపోయిందిగా, ఇంకా ఎందుకండీ?"

"ఆర్పింది నువ్వు కాబట్టి" అన్నాడు, ఆయాసపడుతూ.

పొద్దున్నే జోజమ్మ ఉప్పు మూట వెచ్చజేసి వీపుకి కాపడం పెట్టింది. సామ్రాజ్యం ముందు చీర చూసుకుంది. నెత్తురు లేదు. కడుపులో నొప్పి లేదు. అప్పుడు ఊపిరి వదిలింది. జోజమ్మ ఆ చూసుకోవడం గమనించింది, ఆడదాయె, అర్థమయింది. వీడికి చెప్పకపోయావా అని కాసేపు గొణిగింది. తర్వాత ఎక్కడో చూస్తూ, కోడల్ని ఓదారుస్తున్నాననే అనుకుంటూ అంది. "మీ మావయ్యకి షెడ్డూ లేదు, బండీ లేదు, ఏ లైటూ లేదు. కౌలుకి చేసేవాడు. పంట పండినా కొట్టాడు, ఎండినా కొట్టాడు. ముగ్గురు పోయాకే నాకు వీడు నిలిచాడు."

సామ్రాజ్యం ఆ ముసలి చేతిని పట్టుకుంది. మరి మీరెందుకు ఉండిపోయారత్తయ్యా అని అడుగుదామనుకుంది, అడగలేదు. ఆ మనిషికి వినగడపలో అక్క లేదు. తనకి ఉంది. ఇన్నాళ్ళూ ఎంత బుర్ర పాడుచేసుకుంది తను. పప్పులో ఉప్పు చూసుకుంది, పంపులో నలక చూసుకుంది, ఆసామి మాట చూసుకుంది, చివరికి కారు కిందికే దూరి మేకు పీకింది. ఎక్కడా లేని కారణాన్ని ఎక్కడని వెతుకుతుంది? ఆయన కొట్టేవాడు కాబట్టి కొడుతున్నాడు. ఆ మాట పూర్తిగా అర్థమయ్యేసరికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. లేచి రెండు చీరలు, తలగడ కింది శిలువ దండ సంచిలో వేసుకుంది. చితికిన వేలికి గుడ్డ చుట్టుకుంది. జోజమ్మ చూస్తూ కూర్చుంది. అడ్డుపడలేదు.

వినగడప వైపు బస్సు పదింటికి. రోడ్డు మీదికి దగ్గర దారి షెడ్డులోంచే. గిరాకీలు ఎవరూ లేరు. ఎవరిదో జీపు ముందు చక్రాలు ఊడదీసి జాకీ మీద లేపి ఉంది, కింద బాలశౌరి, మోకాళ్ళ దాకా కాళ్ళు బయటికి. బండిని జాకీ మీద లేపినప్పుడు రెండు పక్కలా తుమ్మ దుంగలు పెట్టాలి, జాకీ జారినా బండి వాటి మీద ఆగుతుంది. బాలశౌరి ఏనాడూ పెట్టడు, ఆ పని ఆయన మర్యాదకి తక్కువ. ఆయన కిందికి దూరాక మెల్లిగా తడిక దాటి వచ్చి, చప్పుడు కాకుండా ఆ దుంగలు లోపలికి జరిపి వెళ్ళేది సామ్రాజ్యమే, ఆరేళ్ళుగా. ఆ సంగతి ఆయనకి తెలియదనే అనుకుంటూ వచ్చింది. ఇవాళ బండి కింద దుంగలు లేవు. ఆమె సంచి కింద పెట్టింది. కుడికాలు ఎత్తి జాకీ మీద ఆనించింది. ఒక్క తోపు. ఆ గుండె మీద ఇంజను పడుతుంది, ఆ కాళ్ళు రెండు కొట్టుకుంటాయి, ఆగిపోతాయి. ఎవరన్నా అడిగితే జాకీ జారిందని చెప్పొచ్చు. తొయ్యాలని ఉంది. అబద్ధమెందుకు, ఒళ్ళంతా తొయ్యమంటోంది. కడుపులో ఉన్నదాన్ని జైల్లో కనాల్సి వస్తుందని ఒక్క ఆలోచన కాలిని ఆపింది.

జాకీ కిర్రుమంది. కింద పానా చప్పుడు ఆగిపోయింది. ఆమె పాదం ఎక్కడుందో ఆయన చూసినట్టున్నాడు.

"కదలకండి. నేను చెప్పేది వినండి" అంది. "నాకు మూడో నెల. మా అక్క దగ్గరికి పోతున్నాను. ఇక రాను. మీరు అక్కడికి వచ్చి నా మీద చెయ్యి వేస్తే, ఆ రోజు ఈ కాలు ఆగదు."

కింద నుంచి ఊపిరి చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. మొగుడితో మొదలుపెట్టిన మాట చివరిదాకా పూర్తి చెయ్యడం ఆమెకి ఇదే మొదలు. కాలు తీసి, సంచి భుజాన వేసుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, కింద నుంచి సన్నటి గొంతు, ఆయన గొంతే, ఎన్నడూ విననంత మెత్తగా వచ్చింది.

"సామ్రాజ్యం, ఆ దుంగలు పెట్టి పోవే."

ఆమె ఆగిపోయింది. అంటే తెలుసన్నమాట. ఆరేళ్ళుగా తన ప్రాణం ఎవరు కాపాడుతున్నారో తెలిసే, బయటికి వచ్చి ఆ చేతుల్నే చితక్కొట్టాడు. నిన్నటి సుత్తి దెబ్బ కంటే ఇది ఎక్కువ నొప్పెట్టింది. దుంగలు రెండూ తడిక పక్కనే దారికి అడ్డంగా పడి ఉన్నాయి. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. సామ్రాజ్యం చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, వాటిని దాటుకుని బయటికి నడిచింది.